ప్రతినిధి విచారణ: ఒక ప్రెషర్ స్విచ్ నిమిత్తంగా

పూర్వమీమాంసా దర్శనంలో ఆరవ అధ్యాయాన్ని అధికారాధ్యాయమని వ్యవహరిస్తారు. యజ్ఞకర్మకు ఎవరు అర్హులు, ఏ లోపం కలిగినా కర్మ నిలుస్తుంది, ఏ లోపం కలిగితే చెడుతుంది అనే విచారణ అందులో సాగుతుంది. ఆ అధ్యాయపు మూడవ పాదంలో జైమిని మహర్షి ప్రతినిధి ద్రవ్యాన్ని చర్చకు తెచ్చారు. విహితమైన ద్రవ్యం లభించనప్పుడు, లేదా లభించినది కర్మ మధ్యంలో నశించినప్పుడు, దాని స్థానంలో మరొకదానిని గ్రహించవచ్చునా, గ్రహిస్తే ఏ లక్షణాన్ని బట్టి గ్రహించాలి అన్నది అక్కడి ప్రశ్న. వ్రీహులు లేనప్పుడు నీవార ధాన్యం, సోమలత లేనప్పుడు పూతిక అనేవి ప్రసిద్ధోదాహరణలు. శ్రౌతకర్మలు విరళమైన ఈ కాలంలో ఈ పాదం పండితుల వాదక్రీడకు తప్ప దేనికీ కొరగాదని అనుకునేవారున్నారు. నేను దానిని గత మాసంలో విశాఖపట్టణంలోని ఒక చిన్న కాఫీ దుకాణంలో, స్క్రూడ్రైవరు చేతబట్టుకుని, అధికరణం వెంట అధికరణంగా స్మరించవలసి వచ్చింది.

ఆ దుకాణం మా చెల్లెలి కుమారునిది. అరకు లోయలో పండిన గింజలు తెచ్చి, వేయించి, పొడిచేసి, ఇటలీ దేశపు ఎస్ప్రెస్సో యంత్రం మీద కాఫీ తీసి ఇస్తాడు. యంత్రం కొత్తది కాదు. మూతపడిన ఒక హోటలు నుండి అప్పుచేసి కొన్నది. ఒకనాటి ప్రాతఃకాలంలో 1.2 బార్ దగ్గర ఆగవలసిన పీడనమాపకపు ముల్లు ఆగక పైకి ప్రాకి, 1.8 దగ్గర సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, ఆవిరి పెనురొదతో వెలువడింది. ఆ క్షణంలో యంత్రం ప్రక్కన పాలు కాస్తూ నిలబడినవాడు పందొమ్మిదేళ్ల పనిపిల్లవాడు. దైవానుగ్రహం వల్ల ఆవిరి అతని వైపు రాలేదు. మా మేనల్లుడు మెయిన్ స్విచ్ కట్టివేసి నాకు ఫోను చేశాడు. విద్యుత్ శాఖలో ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి గనుక ఇంటిలో ఇటువంటి పనులన్నీ నాకే చేరుతుంటాయి.

దోషం ఎక్కడ ఉన్నదో తెలియుటకు ముందు ఆ ఉపకరణం చేసే పని ఏమిటో చెప్పాలి. ఎస్ప్రెస్సో యంత్రంలో రెండు పీడనాలున్నవి. కాఫీ పొడి గుండా నీటిని త్రోసే పీడనం సుమారు 9 బార్లు. అది పంపు కల్పించేది. 1948లో గాజియా సంస్థ విపణిలోకి తెచ్చిన యంత్రాలలో స్ప్రింగుతో కూడిన లీవరు ఆ బలాన్నిచ్చేది. 1961లో ఫాయెమా సంస్థ తెచ్చిన ఇ61 నమూనాతో విద్యుత్ పంపు ప్రచారంలోకి వచ్చింది. రెండవది బాయిలరులోని ఆవిరి పీడనం. అది ఒక బార్‌కు అటూ ఇటూ మాత్రమే ఉంటుంది. పాలు నురగగట్టుటకు కావలసిన ఆవిరి అక్కడి నుండే వస్తుంది. ఆ బాయిలరు గర్భం గుండా పోయే గొట్టంలోనే కాఫీకి వెళ్లే నీరు కూడా వేడెక్కుతుంది. కనుక బాయిలరు పీడనం చలిస్తే కాఫీ రుచి చలిస్తుంది. మూసిన పాత్రలో నీరు, దాని ఆవిరి మాత్రమే ఉన్నప్పుడు పీడనానికీ ఉష్ణోగ్రతకూ నియత సంబంధం ఉంటుంది. మాపకంపై 0.8 బార్ ఉంటే సుమారు 117 డిగ్రీలు, 1 బార్ ఉంటే 120, 1.2 ఉంటే 123. ఈ నియమాన్ని ఆశ్రయించి పనిచేసేదే ప్రెషర్ స్విచ్. సన్నని రాగి గొట్టం ద్వారా ఆవిరి వచ్చి ఒక పలుచని పొరను నొక్కుతుంది, ఆ పొర స్ప్రింగును ఎదిరిస్తుంది, స్ప్రింగు ఓడినప్పుడు పాయింట్లు టక్కున విడిపోయి హీటరుకు కరెంటు ఆగుతుంది. పీడనం కొంత తగ్గగానే మరల కలుస్తాయి. ఆగే చోటికీ మరల మొదలయ్యే చోటికీ మధ్య 0.1 నుండి 0.2 బార్ వరకు వ్యవధానం ఉంచుతారు. అది లేకపోతే పాయింట్లు క్షణక్షణం కొట్టుకుని త్వరలోనే కాలిపోతాయి. అది మరీ ఎక్కువైతే ఒక కప్పుకూ మరొక కప్పుకూ పొంతన ఉండదు.

దీనిని చూచినవారికి సాక్షిచైతన్యం స్ఫురించుట సహజం. ‘అది నీరు మరిగించదు, కాఫీ చేయదు, ఊరక చూస్తూ ఉంటుంది’ అని ఒక మిత్రుడు భక్తిపూర్వకంగా అన్నారు కూడా. నేను అంగీకరించలేదు. సాక్షి ఏదీ ఆపదు, ఏదీ మొదలుపెట్టదు, ఏ స్ప్రింగు బిగువుకూ లోబడదు. ఈ స్విచ్ నిశ్చయం చేస్తుంది, నిశ్చయించి ప్రవర్తిస్తుంది, ప్రవర్తించి అరిగిపోతుంది. పోల్చదలచుకుంటే కఠోపనిషత్తులో సారథిగా చెప్పబడిన బుద్ధితో పోల్చవచ్చు. ఆత్మను యంత్రభాగాలతో పోల్చే ఉత్సాహం ఈ మధ్య మనవారిలో కొంచెం ఎక్కువైనది.

మూత విప్పి చూడగా పాయింట్లు రెండూ కరిగి అతుక్కుని ఉన్నవి. ఇది ప్రత్యక్షం. అవి ఎందుకు అతుక్కున్నవో అనుమానంతో సాధించవలసినది. స్విచ్ మీద చీటీ చెరిగిపోయి, ‘16ఎ’ అన్న అక్షరాలు మాత్రం మిగిలి ఉన్నవి. యంత్రం వెనుకనున్న ఫలకంపై హీటరు శక్తి 3500 వాట్లు, 230 వోల్టులు అని ఉన్నది. భాగిస్తే 15.2 ఆంపియర్లు. కాగితం మీద పదహారులో ఇమిడినట్లే కనబడుతుంది. కాని ఆ వీధిలో తెల్లవారుజామున వోల్టేజి కొలిస్తే 245 వచ్చింది. అప్పుడు కరెంటు 16.2 ఆంపియర్లవుతుంది. పైగా నేను గడియారం దగ్గర పెట్టుకుని ప్రక్క దుకాణంలోని ఇటువంటి యంత్రాన్నే గమనించగా, ఖాళీగా ఉన్నప్పుడు కూడా మూడు నిమిషాలకొకసారి పాయింట్లు కలిసి విడిపోతున్నవి. పన్నెండు గంటల దినానికి 240 సార్లు, మున్నూరు దినాల సంవత్సరానికి 72,000 సార్లు. విడిపోయిన ప్రతిసారీ ఒక చిన్న మెరుపు. హద్దు మీద నడిచే పాయింటుకు ఆ మెరుపులే చాలు.

ఇక ప్రతినిధిని గురించి. మూడు సూచనలు వచ్చినవి.

మొదటిది మేనల్లుడే చెప్పాడు. ‘మామయ్యా, స్విచ్ తీసివేసి తీగలు నేరుగా కలిపేద్దాం. ముల్లు చూస్తూ నేనే మెయిన్ వేస్తూ కడుతూ ఉంటాను. నాలుగు రోజులు గడిస్తే అసలుది తెప్పించుకోవచ్చు’ అన్నాడు. అతని బాధ నాకు తెలియనిది కాదు. ఒక్కొక్క దినం మూసిన కొద్దీ అద్దె, జీతం, వాయిదా అన్నీ మీదపడుతున్నవి. అయినా జైమిని ఈ పాదంలోనే ఒక హద్దు గీశారు. ద్రవ్యానికి ప్రతినిధి ఉన్నది గాని దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదు. యజమానికి కూడా లేదు. ఫలస్వామి తన స్థానంలో వేరొకరిని నిలిపి ఆ ఫలం తనదనుటకు వీలులేదు. మావాడు కోరినది దీనికి విపరీతం. యజమాని తన స్వామిత్వాన్ని విడిచి, తానే ఒక స్రుక్కుగా, ఒక స్రువంగా మారిపోతానంటున్నాడు. స్విచ్‌కు మనస్సు లేదు గనుక దాని అవధానం చెదరదు. మనిషికి మనస్సున్నది, దుకాణంలో గిరాకులున్నారు, ఫోను మ్రోగుతుంది. ఒక్కసారి మరచితే ఇక మిగిలేది సేఫ్టీ వాల్వ్ ఒక్కటే. అది ఆపద్ధర్మానికి పెట్టినది గాని నిత్యవిధికి కాదు. దాని ప్రక్కన నిలబడేది మళ్లీ ఆ పందొమ్మిదేళ్ల పిల్లవాడే. ‘నాయనా, ఆ చోట నీవు రోజంతా నిలబడతావా?’ అని అడిగాను. జవాబు రాలేదు. ఆ ప్రసంగం అంతటితో ముగిసింది.

రెండవది నగరంలోని ఒక హార్డ్‌వేరు దుకాణం వారు చూపినది. ఇంటి నీటి మోటారుకు బిగించే ప్రెషర్ స్విచ్. వెల చాలా తక్కువ, చేతికి వెంటనే అందుతుంది, పేరు కూడా అదే. స్ప్రింగు, పొర, పాయింట్లు అన్నీ ఉన్నవి. పైగా 20 ఆంపియర్ల సామర్థ్యం. ఇది చూడగానే మేనల్లుని ముఖం వికసించింది. అయితే ఆ జాతి స్విచ్ సాధారణంగా 1.4 బార్ దగ్గర కలిసి 2.8 దగ్గర విడిపోయేటట్లు అమర్చబడి ఉంటుంది. మన బాయిలరు వాల్వ్ 1.8 దగ్గరనే తెరుచుకుంటుంది. అంటే ఈ స్విచ్ విడిపోయే అవకాశమే ఎన్నటికీ రాదు. దాని పొర చల్లని నీటికి ఏర్పడినది, 120 డిగ్రీల ఆవిరికి కాదు. మీమాంసకులు దీనికి సమానమైన స్థలాన్ని ముందే విచారించారు. మినుములు, ఆరికలు మొదలైనవి రూపంలో విహిత ధాన్యానికి ఎంత సమీపమైనా, యజ్ఞానర్హములని వేదమే నిషేధించినందున ప్రతినిధిగా కూడా గ్రాహ్యములు కావు. సాదృశ్యం ఉన్నంత మాత్రాన నిషేధం తొలగదు. ఇక్కడ నిషేధం చేసినది వేదం కాదు, భౌతిక నియమం. కాని అది అంతకంటె సడలింపు ఇచ్చేదేమీ కాదు.

మూడవది అన్నిటికంటె మోసకరమైనది. విడిభాగాల వ్యాపారి ఒకరు పాత స్విచ్ ఛాయాచిత్రం పంపమని, చూచి, ‘సరిగ్గా ఇటువంటిదే మా దగ్గర ఉన్నది’ అన్నారు. న్యాయదర్శనంలో ఉపమాన ప్రమాణానికి చెప్పే ఉదాహరణ నాకు గుర్తుకు వచ్చింది. గవయమంటే ఎట్లుంటుందని నగరవాసి అడిగితే, ఆవువలె ఉంటుందని అరణ్యవాసి చెప్తాడు. అతడు అడవికి పోయి ఆవును పోలిన మృగాన్ని చూచి, గవయమంటే ఇదే అని తెలుసుకుంటాడు. ఉపమానం ఇచ్చేది పేరుకూ వస్తువుకూ ఉన్న సంబంధజ్ఞానం మాత్రమే. గవయం ఆవు పని చేస్తుందని, పాలిస్తుందని అది చెప్పదు. విడిభాగాల విపణిలో ‘సరిపోయేది’ అనే మాట ఈ రెంటినీ కలిపివేస్తుంది. రూపం, మరల కొలత, తీగలు తగిలించే చెవులు సరిపోవచ్చు. పీడన పరిధి, ఆంపియర్లు, ఆవిరికి తాళే పొర సరిపోయినవా అన్నది వేరే ప్రశ్న.

ఆ స్విచ్ ఆ ప్రశ్నలకు కూడా దాదాపు సమాధానం చెప్పింది. పరిధి సరిపోయింది, ఆవిరికి తాళుతుంది, పాతదాని వలెనే 16 ఆంపియర్లు. మేనల్లుడు డబ్బు పంపుటకు సిద్ధమయ్యాడు. నేను యంత్రం ప్రక్క రేకు విప్పి లోపల మరొకసారి చూచాను. రాగి గొట్టానికీ పాత స్విచ్‌కూ మధ్య ఒక ఇత్తడి కలుపుముక్క ఉన్నది. మొదటినుండీ ఉన్న స్విచ్ అయితే ఆ ముక్క అవసరం రాదు. తీగలు రెండు చోట్ల అతుకులు వేసి పొడిగించబడినవి. రేకు లోపలి వైపు అంటించిన విద్యుత్ పటంలో మూడు ధ్రువాల స్విచ్ గీయబడి ఉన్నది. విప్పిన దానికి ఉన్నది ఒక్క ధ్రువమే. అనగా మనం ‘పాతది’ అనుకుంటున్నది అసలుది కాదు. ఎవరో, ఎప్పుడో, దొరికినదానితో సరిపెట్టిన ప్రతినిధి.

ఈ స్థలం జైమినికి తెలుసు. ఆ పాదంలో నాకు అత్యంత ప్రియమైన అధికరణం ఇదే. వ్రీహులు నశించి నీవారాలు గ్రహించాము, ఆ నీవారాలు కూడా నశించినవి. ఇప్పుడు నీవారాలను పోలినదానిని వెదకాలా, వ్రీహులను పోలినదానిని వెదకాలా? చేతిలో చివరగా ఉన్నది నీవారమే గనుక దాని పోలికనే అనుసరించాలని పూర్వపక్షం. సిద్ధాంతం అది కాదు. నీవారాన్ని మనం నీవారంగా ఎన్నడూ గ్రహించలేదు. వ్రీహుల అవయవాలు అందులో అధికంగా ఉన్నవి గనుక, వ్రీహిబుద్ధితోనే గ్రహించాము. విధి స్పృశించినది వ్రీహులను. కనుక ఎన్నిసార్లు నశించినా వెదకవలసినది ముఖ్యద్రవ్యపు పోలికనే. లేకపోతే ప్రతినిధికి ప్రతినిధి, దానికి మరొకటి, ఇట్లా ప్రతి మెట్టులోనూ ముఖ్యం నుండి కొంత కొంత తొలగిపోయి, చివరకు చేతిలో ఉన్నదానికీ విధించబడినదానికీ ఏ సంబంధమూ మిగలదు. తరతరాలుగా ఆచారాలు రూపు మారే విధానం కూడా ఇదేనని నాకు అనిపిస్తుంది. తాతగారు ఒక లోపాన్ని సర్దుకున్న తీరును తండ్రి విధి అనుకుంటాడు, తండ్రి సర్దుబాటును కుమారుడు సంప్రదాయం అనుకుంటాడు. మూలగ్రంథం తెరచి చూచేవాడు ఇంటిలో ఒక్కడైనా ఉండాలి.

మా సందర్భంలో మూలగ్రంథం ఆ రేకు లోపలి పటం, వెనుకటి ఫలకం. వాటిని బట్టి లక్షణాలు స్థిరపడినవి. బాయిలరు పీడనం 0.8 నుండి 1.2 వరకు సాధించగల పరిధి, 30 ఆంపియర్లు, మూడు ధ్రువాలు, పావు అంగుళం మర, ఆవిరికి తగిన పొర. ఇటలీకి చెందిన సిరాయ్ వారి పి302 స్విచ్ ఈ వృత్తిలోని వారందరికీ పరిచితమైనది. అది ఈ లక్షణాలకు సరిపోతుంది. వ్యాపారి చూపినదానికి మూడింతల వెల. మేనల్లుడు నన్ను ఒక చూపు చూచాడు. మూడు ధ్రువాలెందుకని అడిగాడు. ఫేజును ఒక ధ్రువం గుండా, న్యూట్రలును మరొక ధ్రువం గుండా పోనిస్తే, రేపు ఒకటి అతుక్కున్నా రెండవది విడిపోయి హీటరును ఆపుతుందని చెప్పాను. ఆ మాటతో ఒప్పుకున్నాడు. అతనికి కావలసినది శాస్త్రం కాదు, ఆ పిల్లవాని తల్లికి చెప్పదగిన సమాధానం. అది న్యాయమే.

ఒక చిన్న ఎలక్ట్రానిక్ ఉష్ణమాపకం, దాని వెనుక ఘనస్థితి రిలే పెట్టి స్విచ్‌నే తొలగించవచ్చునని మరొక మిత్రుడు సూచించారు. అది ప్రతినిధి కాదు, వ్రీహులకు యవలవలె వికల్పం. మంచి పద్ధతే, కచ్చితత్వం ఎక్కువ. కాని ఆ జాతి రిలే చెడినప్పుడు తరచుగా విడిపోక, కలిసిపోయే చెడుతుంది. మనం తప్పించుకోజూచే దోషం సరిగ్గా అదే. వేడి పెట్టెలో దానిని చల్లబరచు ఏర్పాటు కూడా కావాలి. వికల్పానికి ఎనిమిది దోషాలను మీమాంసకులు లెక్కించారు. నాకు ఈ రెండే చాలినవి.

స్విచ్ వచ్చేవరకు నాలుగు దినాలు దుకాణం మూయలేదు. నిత్యకర్మను కొన్ని అంగాలు లోపించినా యథాశక్తిగా చేయవచ్చును, కామ్యాన్ని మాత్రం సాంగంగానే చేయాలన్న విభాగం ఒకటున్నది. ఇత్తడి ఫిల్టరు రెండు తెచ్చి డికాక్షను కాఫీ పోశారు. నురగ కాఫీ కోరినవారు వెళ్లిపోయారు, మిగిలినవారు త్రాగారు. మా చెల్లెలు వచ్చి డికాక్షను చిక్కదనం చూచి పెట్టింది. ఆ నాలుగు దినాల కాఫీయే బాగున్నదని నా అభిప్రాయం. మేనల్లుడు దీనిని అంగీకరించడు.

బిగించిన దినాన తీగ పీకి, బాయిలరు పూర్తిగా చల్లారి ముల్లు సున్నాకు వచ్చిన తరువాతనే గొట్టం విప్పాము. కలుపుముక్క పారవేసి, కొత్త రాగి వాషరు వేసి, అతుకుల తీగలకు బదులు వేడికి తాళే తీగలు లాగాము. సర్దుబాటు మరను మొదట క్రింది స్థాయిలో ఉంచి, కొద్దికొద్దిగా త్రిప్పుతూ, ప్రతిసారీ రెండు మూడు ఆవృత్తులు పూర్తి అయ్యేవరకు వేచి, 0.95 దగ్గర కలిసి 1.1 దగ్గర విడిపోయేటట్లు నిలిపాము.

అయినా మొదటి కప్పు చల్లగా వచ్చింది. ముల్లు 1.1 చూపుతున్నది, హీటరు ఆగి ఉన్నది, ఆవిరి గొట్టం విప్పితే మొదట బుస్సుమని గాలి, తరువాత నీరసమైన ఆవిరి. మేనల్లుడు ఇంత వెలపోసినది కూడా చెడినదే అన్నాడు. స్విచ్ చెడలేదు. అది ఎరిగినది పీడనాన్ని మాత్రమే, ఉష్ణాన్ని కాదు. పీడనం నుండి ఉష్ణాన్ని ఊహించుట అనుమానం. నైయాయికులు ఉపాధి అనే దోషానికి అగ్నిధూమాలనే ఉదాహరిస్తారు. ధూమమున్నచోట అగ్ని ఉంటుంది గాని, అగ్ని ఉన్నంత మాత్రాన ధూమం ఉండదు, తడికట్టెల సంయోగం కూడా ఉండాలి. అట్లే పీడనమున్నంత మాత్రాన ఆ మేరకు వేడి ఉన్నదనలేము. పాత్రలో గాలి లేకపోవాలి. చల్లని బాయిలరులో ఉండే గాలి బయటికి పోవుటకు పైన ఒక చిన్న వాక్యూమ్ వాల్వ్ ఉంటుంది. ఆవిరి పుట్టేవరకు అది తెరిచి ఉండి, తరువాత ముడుచుకోవాలి. మా యంత్రంలో అది సున్నం పట్టి మొదటినుండీ మూసుకునే ఉన్నది. లోపల చిక్కిన గాలి వ్యాకోచించి, ఆవిరి చేయవలసిన ఒత్తిడిని తానే చేసి, స్విచ్‌ను ముందుగా ఆపివేసింది.

ప్రస్తుతానికి ప్రతి ఉదయం వేడెక్కే సమయంలో ఆవిరి గొట్టం కొంచెం తెరచి ఉంచి, గాలి పోయి చక్కని ఆవిరి వచ్చిన పిమ్మట మూయమని ఆ పిల్లవానికి నేర్పాము. వాల్వ్‌ను ఊడదీసి నిమ్మఉప్పు నీటిలో నానబెట్టాను, సున్నం చాలావరకు వదిలింది. లోపలి రబ్బరు వలయం మాత్రం గట్టిపడి పగిలింది. దానిని మార్చాలి. ‘ఇటువంటిదే తెస్తాను మామయ్యా’ అని మేనల్లుడు బయలుదేరబోతే, పగిలినదానిని కాదు, అది కూర్చునే గాడిని కొలుచుకుని వెళ్లమన్నాను.